వెలిసిన బూడిద రంగు

ముందు వాసన వస్తుంది. రెట్టల వాసన, ఉప్పు వాసన. తర్వాత అరుపులు.

ఆ తర్వాతే దీవి కనిపిస్తుంది.

తొమ్మిదేళ్ళుగా పక్షుల లెక్క కోసం ఈ వాసనలోకే తెడ్డు వేస్తున్నాను. మోకాళ్ళు అరిగాయి. అరుపులు ఆగలేదు — వాటివీ, నావీ.

దీవి నిండా సీగల్ పక్షులు. అదే పసుపు ముక్కు, అదే తెల్ల తల. తేడా అంతా వీపులో. లేత బూడిద అయితే కాస్పియన్ రకం, ఈ తీరమంతా అదే. కాస్త ముదురైతే స్టెప్పీ రకం. అది ఇక్కడ గూడు కట్టడం అరుదు.

లేత. ముదురు. మధ్యలో వెంట్రుకవాసి.

అందుకే రంగుల అట్ట. తెలుపు నుంచి నలుపు దాకా గళ్ళు, గడికో అంకె; ముదిరేకొద్దీ అంకె పెద్దది. పక్షిని ఎండలో చూడకూడదు. మబ్బు కోసం ఆగాలి. మబ్బు పట్టాక అట్ట చాచి, ఒక కన్ను మూసి, వీపును గడితో పోల్చాలి...

మొదట్లో ఐదు అని రాశాను. తర్వాత ఆరు. తర్వాత ఏడు.

అరుదైనవి వచ్చి చేరుతున్నాయని సంబరపడ్డాను!

ఆ ఏడు అంకె పట్టుకునే పోట్లాడాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగినదాన్ని, జిల్లా ఆఫీసులో బల్ల గుద్దాను. నాలుగేళ్ళ కింద దీవికి పడవలు రాకుండా మూయించాను. ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు నాతో మాట మానేశారు. సైత్కలి ఒక్కడే మానలేదు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, అక్కను చేసి ఆపా అంటాడు, మాట్లాడేది దెప్పడానికే.

"ఏం ఆపా, నీ అల్లుళ్ళు ఇవాళ ఇంకాస్త నల్లబడ్డారా?"

నిన్న నగరం నుంచి కవరులో కొత్త అట్ట వచ్చింది. పాతదాని పక్కన పెట్టాను.

పాతది వెలిసిపోయింది.

తొమ్మిది వేసవులు జీపు అద్దం వెనకే పడుంది. పక్షిని ఎండలో చూడొద్దని ఊరంతా చెప్పాను. అట్టను ఎండలో పడేశాను. దాని ఏడో గడి, కొత్తదాంట్లో ఐదో గడి.

పక్షులు మారలేదు. అన్నీ మామూలువే.

మామూలువైతే బతకకూడదా? ఆఫీసు పక్షి పేరు అడిగింది. చెప్పాను. తప్పు పేరు చెప్పాను.

పొద్దున్నే సైత్కలి దగ్గరికి వెళ్ళాను. బోర్లించిన పడవ మీద కూర్చుని ఎండుచేప నములుతున్నాడు.

"అవి మామూలువేరా. నా అట్ట వెలిసిపోయింది."

వాడు నవ్వలేదు. అదే భరించలేకపోయాను.

"ఆఫీసుకి చెప్పావా?"

"ఉత్తరం రాశాను. జేబులో ఉంది. పిల్లలు మొన్ననే గుడ్లలోంచి వచ్చాయి. ఇప్పుడు మనుషులు దిగితే తొక్కుడే."

"ఎగరడానికి ఎన్నాళ్ళు?"

"నలభై రోజులు."

"నాలుగేళ్ళు కూర్చోబెట్టావు ఆపా. ఇంకో నలభై రోజులంట!"

లేచాడు. ముల్లు ఉమ్మాడు. తారు డబ్బా పొయ్యి మీద పెట్టాడు. పడవ పగుళ్ళు పూడ్చడానికి నలభై రోజులు పట్టవు. రెండు చాలు.

మధ్యాహ్నం పోస్టు బండి వస్తుంది. రోడ్డు దాకా నడిచాను. చెయ్యి జేబులోనే ఉంది, ఉత్తరం వదలకుండా.

ముందు తారు వాసన వచ్చింది.

తర్వాత — నీళ్ళ మీదుగా — అరుపులు...