కంప్యూటర్ చెప్పిన అంకె

బయాప్సీ రిపోర్టు వచ్చిన మర్నాడే గీత తన తండ్రి బీరప్పను వెంటబెట్టుకుని సూర్యాపేట బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లింది. అది 2011 వేసవి. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరును కలవడానికి ఇంకా వారం ఉంది. బీఈడీ చదువుతున్న గీతకు అన్నాళ్లు ఆగడం చేతకాలేదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ ఎంతవరకు పనిచేస్తుందో లెక్కగట్టే వెబ్‌సైటు ఉందని స్నేహితురాలు చెప్పింది.

రిపోర్టులోని వివరాలన్నీ ఒక్కొక్కటే కొట్టి బటన్ నొక్కింది. వందలో ముప్పై ఒకటి అని వచ్చింది. కింది ఇంగ్లీషు వాక్యం సగమే బుర్రకెక్కింది. ఐదేళ్లు. ముప్పై ఒకటి. గబుక్కున పేజీ మూసేసింది.

“ఏమన్నది బిడ్డా?” వెనక కుర్చీలోంచి బీరప్ప అడిగాడు.

“మంచిగనే ఉన్నది నాయినా. నయమైతదట.”

ఆయన కూతురి మొహం చూశాడు. తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

తమ ఊరు పెన్‌పహాడ్ చేరగానే గొర్రెలను తోలుకుపోయిన బీరప్ప పొద్దుగూకుతున్నా రాలేదు. ఫోన్ చేస్తే అది ఇంట్లోనే మోగింది. “ఏడ పోయిండే?” అని తల్లి ఆండాలు అంటుండగానే గీతకు సాగర్ కాలువ గుర్తొచ్చింది. పరుగు తీసింది.

కట్ట మీద గొర్రెలున్నాయి, మనిషి లేడు. కాలువ నీళ్లలోకి తొంగి చూసింది. అంతలో తుమ్మచెట్ల అవతల దగ్గు వినపడింది.

“గీడ ఏం జేస్తున్నవ్ నాయినా! నా పానం పోయింది.”

“ఇంట్ల ఏడిస్తె మీ అమ్మ బెదురుతది.” బీరప్ప తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “అబద్ధం జెప్పకు బిడ్డా. తెల్వకుంటెనే ఎక్కువ భయమైతాంది.”

వందలో ముప్పై ఒక్కరే బతుకుతారట అని గీత చెప్పేసింది. చెప్పి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వారం తర్వాత డాక్టరు ఆ అంకె విని తల అడ్డంగా ఊపాడు.

“అది బతికే లెక్క కాదమ్మా. ఆపరేషన్ ఒక్కటే చేస్తే, ఐదేళ్లదాకా జబ్బు తిరగబెట్టకుండా ఉండేవాళ్ల లెక్క. అందుకే కరెంటు, అదే రేడియేషన్, పెడదాం, ఇంజెక్షన్లు కూడా ఇద్దాం.”

“గట్లయితె బతుకుత గద సార్?” బీరప్ప అడిగాడు.

“నీలాంటి వందమందికి ఏమవుతుందో కంప్యూటర్ చెప్తుంది. నీకేమవుతుందో అదీ చెప్పలేదు, నేనూ చెప్పలేను.”

బీరప్ప రిపోర్టులను డాక్టరు ముందుకు జరిపాడు. “పెట్టుండ్రి సార్,” అన్నాడు.

మూడేళ్లు గడిచాయి. జబ్బు తిరగబెట్టలేదు. రక్తపరీక్ష రోజున మాత్రం ముగ్గురికీ ముద్ద దిగదు. వచ్చిన ఫలితాన్ని ల్యాబు మెట్ల మీదే, ఆండాలు కూడా వినేలా, గీత పైకి చదువుతుంది.