చాయ్‌నిక్ అంటే నేనే

నేను ఒక కరెంటు కెటిల్‌ని. పుట్టింది రష్యాలో, పడి ఉన్నది బొబ్బిలిలో ఒక అటక మీద. మా దేశంలో నన్ను ‘చాయ్‌నిక్’ అంటారు. ఇంత చక్కటి పేరును కంప్యూటరు కుర్రాళ్ళు తిట్టు చేసి కూర్చున్నారు. మౌసు పట్టుకోవడం చేతకాని మనిషి కనిపిస్తే చాలు, చాయ్‌నిక్ అంటారు. నీళ్ళు కాచడం నాకు వచ్చినంత బాగా వాళ్ళకేం వచ్చునో మరి.

ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి, అక్కణ్ణుంచి ఒక చిన్న ఊరి లైబ్రరీకి చేరాను. నన్ను కొన్నది అక్కడ పుస్తకాలిచ్చే గలీనా. ఇంతలో లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చాయి. నేర్చుకుంటేనే ఉద్యోగం, లేదంటే ఇంటికే అన్నాడు ఆఫీసరు. పాపం, ఆమెకు వేరే ఆధారం లేదు. నేర్పడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఆమె తప్పు నొక్కినప్పుడల్లా "చాయ్‌నిక్" అని గొణిగేవారు. పిచ్చితల్లి, టీ అడుగుతున్నారనుకుని లేచి నా స్విచ్చి వేసేది. వాళ్ళు ముసిముసిగా నవ్వుతూ తాగేవారు. సిగ్గు లేకపోతే సరి.

ఆ ఊళ్ళో కాలేజీలో చదువుకుంటూ రోజూ లైబ్రరీకి వచ్చే బొబ్బిలి పిల్ల వాసంతి సంగతి గ్రహించింది. "పిన్నీ, వాళ్ళు అనేది..." అని మొదలుపెట్టింది.

"నా టీ అంటే ప్రాణమే ఈ పిల్లలకి" అంది గలీనా. ఆ మొహంలో సంతోషం చూశాక వాసంతి మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది.

పరీక్ష రోజు ఆఫీసరు వెనకే నిలబడ్డాడు. గలీనా ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ, ఒక్క తప్పూ లేకుండా పేజీ అంతా కొట్టింది. ఎవరూ చాయ్‌నిక్ అనలేదు. అదే ఆమెకు గుబులు పుట్టించింది. పిల్లలకు తన మీద మనసు విరిగిందేమోనని లేచి, కంగారులో బోర్డులోంచి ఏదో ప్లగ్గు పీకి నాది పెట్టింది. కంప్యూటరు ఆరిపోయింది. కొట్టిందంతా గాలికి పోయింది.

"చాయ్‌నిక్!" అన్నాడు ఆఫీసరు.

"పెట్టానండి, ఇప్పుడే మరుగుతుంది" అంది గలీనా.

నాకు ఏడుపొచ్చింది, అయినా కాగక తప్పలేదు. ఆమె ఉద్యోగం ఆ పూటే పోయింది. వెళుతుంటే వాసంతి నన్ను పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తింది. "పిన్నీ, నీ కెటిల్ మరిచిపోయావు."

"ఉండనీవే అమ్మా. పిల్లలు అడిగితే ఎలా?"

కుర్రాళ్ళు విన్నారు, తలెత్తలేదు. మళ్ళీ నన్ను ముట్టుకోనూ లేదు. చదువయ్యాక వాసంతే నన్ను ఇంటికి తెచ్చుకుంది, కానీ ఒక్కనాడూ నాలో నీళ్ళు పోయలేదు.