తొంభయ్యో రోజు

కుర్చీలో కూర్చోకముందే ఆయన కంప్యూటర్ తెరిచి కొత్త ఉత్తరాలు చూశాడు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో లొసుగులు కనిపెట్టి బయటివాళ్లు రాస్తే, వాటిని ఆయా శాఖలకు పంపడం ఆయన పని. ఆఫీసులో అందరూ ‘చిల్లుల మాస్టారు’ అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మురిపెమే.

ఇవాళ మాత్రం కాలు నిలవడం లేదు. సాయంత్రం ఐదింటికి రిటైర్మెంటు. ఆ క్షణమే ఆయన పాస్‌వర్డ్ పనిచేయడం మానేస్తుంది. ఆసుపత్రుల సైట్‌లో లొసుగు పట్టిన అమ్మాయి ఇచ్చిన తొంభై రోజుల గడువూ ఇవాళే తీరుతుంది. ఆలోగా మూయకపోతే ఆమె దాన్ని బయటపెట్టవచ్చు. ఇక జనం రోగాలన్నీ బజారున పడతాయి. పై అంతస్తులో ఆ సైట్ చూసే ఇంజనీరేమో మూడుసార్లు ఒకటే రాశాడు: ‘ఇది లోపం కాదు. పేజీ చిరునామాలో అంకె ఎవరూ మార్చకూడదు.’

భార్య ఫోన్ చేసింది.

“ఏమండీ, లోకంలో చిల్లులన్నీ మీకే కావాలి. మన వంటింటి కుళాయి మాత్రం కారుతూనే ఉంది. ఇవాళైనా పెందరాళే రండి.”

“వస్తానే. రేపట్నుంచి నేనూ కుళాయీ ఖాళీయే.”

ఫోన్ పెట్టేసి గబగబా మెట్లెక్కాడు. ముప్పై ఏళ్లలో పిలవకుండా పై అంతస్తుకు వెళ్లడం ఇదే మొదలు.

“బాబూ, మీ ఆసుపత్రి కార్డు నంబరు చెప్పండి.”

“వెళ్లిపోయే రోజు కూడా నన్ను వదలరా మాస్టారూ?” ఇంజనీరు నవ్వుతూ చెప్పాడు.

ఆయన తన బీపీ, షుగరు ఉన్న పేజీ తెరిచి, పైన చిరునామాలో తన కార్డు అంకెలు తీసి ఇంజనీరువి పెట్టి నొక్కాడు. ఇంజనీరు పేరు వచ్చింది. దాని కింద మొలలు, ఆపరేషన్ వద్దని అతను డాక్టరును బతిమాలిన సంగతితో సహా.

ఇంజనీరు లేచి తలుపేశాడు. “ఇది ఎవరైనా చూడొచ్చా?”

“అంకె ఎవరూ మార్చకూడదు కదా బాబూ.”

నాలుగూ నలభైకి లొసుగు మూసుకుంది. మాస్టారు ఏడుసార్లు అంకె మార్చి చూశాడు. ఏడుసార్లూ పేజీ తెరుచుకోలేదు. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టబోయి ఆగాడు. ఇంజనీరు స్వయంగా టీ పట్టుకొచ్చాడు.

“తాగండి మాస్టారూ. ఆ సంగతి మాత్రం...”

“ఏ సంగతి?” తెరమీంచి కళ్లు తీయకుండానే అన్నాడాయన.

ఇన్నేళ్లూ లొసుగులు రాసినవాళ్లందరికీ ఆయన పంపింది ఒకే వాక్యం: ‘మీ సమాచారం అందింది.’ దాన్ని చెరిపేసి, ‘అమ్మా, మూసేశాం. నువ్వు చెప్పింది నిజం’ అని ఆ అమ్మాయికి రాసి పంపాడు. జవాబు కోసం మళ్లీ మళ్లీ చూశాడు. ఐదయింది. ‘మీకు ప్రవేశం లేదు’ అంది తెర.

కాసేపు చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. తర్వాత సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

బల్లమీద టీ గ్లాసు, ఒక్క గుక్కయినా తగ్గకుండా, పైన పల్చగా మీగడ కట్టి.