తృణమణిలో సగం ఆకు

నేను ఒక తృణమణిని, అంబర్ అన్నా నేనే. పేరు చూసి గొప్పగా ఊహించుకోకండి, చెట్టుకు గాయమైతే కారి గట్టిపడిన జిగురును. దాదాపు పదికోట్ల ఏళ్ల కిందట బర్మా అడవిలో కారుతూ, కింద తన మానాన తాను పెరుగుతున్న ఒక ఫెర్న్ ఆకును నాలో కలిపేసుకున్నాను. ఆకు చిటికెనవేలి గోరంత. పూలచెట్లు కొత్తగా వచ్చి వెలుతురంతా తామే తాగేస్తుంటే, ఫెర్న్‌లు అలిగి కూర్చోకుండా ఆ నీడలోనే బతకడం నేర్చుకుని కొత్త రకాలుగా మారుతున్న రోజులవి. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తరవాత హైమావతి పాఠం చెబుతుంటే విన్నాను.

ఎవరో తవ్వారు, ఎవరో అమ్మారు. రంగూన్ బియ్యం మిల్లులో పనిచేసే దాలయ్య నన్ను కొని విశాఖపట్నం తెచ్చి, లాకెట్ చేయించాడు. కంసాలి నాలోని ఆకును మచ్చ అని తేల్చి, ఎవరికీ కనబడకుండా ఒంటివైపు తిప్పి బిగించాడు. దాలయ్య కూతురు ఎర్నమ్మ మెడలో ముప్పై ఏళ్లు అలాగే, మచ్చ దాచుకున్నదానిలా ఉన్నాను.

ఎర్నమ్మ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబ్ అటెండరు. ఒకరోజు తాడు తెగి నేను బల్లమీద పడితే, లెక్చరర్ హైమావతి భూతద్దం తీసింది. అది ఏ రకం ఫెర్నో తెలియాలంటే ఆకు అడుగున, ఫెర్న్‌కు విత్తనాల్లాంటి సిద్ధబీజాలుండే సంచులు చూడాలి. నేనేమో ఆ పక్కన గీతలు పడి మసకబారి ఉన్నాను.

"ఆ గీతలు పోయేంతవరకే సాన పట్టించు ఎర్నమ్మా. ఆకుకు తగలకూడదు. ఇలాంటిది మళ్లీ దొరకదు," అంది హైమావతి.

ఎర్నమ్మ ఆ మాటలు పొల్లుపోకుండా సానపట్టే ఖాదర్ సాయిబుకు అప్పజెప్పి, కొత్త తాడు కోసం ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్లింది. ఆయన అన్నిటికీ తలూపాడు. కానీ ఆ చేతులు నలభై ఏళ్లుగా రాళ్లలో మచ్చలు తీసిన చేతులు. పైగా మనిషి మంచివాడు.

"పాపం, మచ్చున్న రాయేసుకుని తిరగతంది. తీసేత్తే పోద్ది," అని గొణుక్కుని చక్రానికి ఆనించాడు.

నాకు భయమేసింది. అరవడానికి నాకు నోరు లేదు. వాసన ఉంది. వేడెక్కేసరికి అది గుప్పున లేచింది. సాయిబు చక్రం ఆపాడు.

"రాయికి వాసనేటి?"

ఎర్నమ్మ అప్పుడే లోపలికొచ్చింది. "సాంబ్రాణేత్తన్నావేటి సాయిబూ?" అని, నన్ను చేతిలోకి లాక్కుని చూసింది. ఆకులో సగం లేదు.

హైమావతి అందరి ముందే ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, మిగిలిన సగాన్నే సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆకు అడుగున సంచులు వరసగా కనబడ్డాయి. ఒకదాని అంచు వెనక్కి వంగి, సిద్ధబీజాలను విసరబోతూ ఆగిపోయి ఉంది. విసరకుండా ఆపింది నేనే. అందుకు అప్పుడు నిజంగా బాధపడ్డాను.

మర్నాడు ఖాదర్ సాయిబు కాలేజీకి వచ్చాడు. హైమావతి సిద్ధబీజాల సంగతి చెబుతుంటే, ఒక కన్ను మూసుకుని సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశాడు.

"ఇంకా ఇసరనేదు," అన్నాడు. జేబులోంచి రాళ్లు చుట్టే కాగితం పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. లోపల పసుప్పచ్చని పొడి. "సానకింద మిగిలింది ఆరబెట్టి తెచ్చానమ్మా. ఆ సగం ఇదే."

అది దేనికీ పనికిరాదని హైమావతి చెప్పలేదు. పెట్టెలో దూది పరిచి, పొట్లాన్ని నా పక్కన పెట్టింది. ఎర్నమ్మ పెన్ను అడిగి తీసుకుని, దానిమీద తన చేత్తో రాసింది: ఆకు, రెండో సగం.