ఒక్క దీర్ఘం

ఆ చెవుల ఆసుపత్రిలో ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, బయటి నుంచి మైకులో ఒక్కో మాటా చెప్పడం ఆమె పని. "పలక" అంటే లోపలివాళ్ళు "పలక" అనాలి. "నలక" అన్నారో, ఆ చెవి సంగతి చూడాల్సిందే. ఎవరికి ఏ అక్షరం అందడంలేదో చిటికెలో చెప్పేసే ఈవిడ తన చెవిని మాత్రం ఏనాడూ అనుమానించలేదు. ఎవరు అనుమానిస్తారు లెండి!

మధ్యాహ్నం రద్దీ తగ్గాక కౌంటరు దగ్గరి బాబాయ్ పేపరు మడిచి పట్టుకొచ్చేవాడు. ఆయన నిజం బాబాయ్ కాదు, వయసును బట్టి అలా పిలుస్తుందంతే. వారానికోసారి వచ్చే గళ్ళ నుడికట్టును ఇద్దరూ కలిసి నింపేవారు. అడ్డాలు ఆయనవి, నిలువులు ఆమెవి. ఒకప్పుడు ఆ అడ్డాలు చెల్లెలివి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే మంచం మీద బోర్లా పడుకుని, ఒకే పెన్సిలు కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవారు. తప్పు రాస్తే చెల్లెలు "నేను కాదు, పెన్సిలే రాసింది" అని బుకాయించేది. బాబాయ్ మంచివాడే గానీ, పాపం, బుకాయించడం రాదు. చెల్లెలితో మాటల్లేక ఏళ్ళు గడిచాయి. చెవులమ్మకు ఆ బుకాయింపు మళ్ళీ వినాలని ఉంది. చెల్లెలు కావాలని ఉంది.

ఈ వారం నుడికట్టుకు "చుట్టాలొచ్చారు" అని పేరు పెట్టారు. ప్రతి అడ్డం జవాబులోనూ ఒక చుట్టం దాక్కుంటుందట.

"అమ్మ తర్వాత కంగారు మొదలు, సరుకు చేతులు మారింది," చదివాడు బాబాయ్. "ఆఁ, అమ్మకం!"

"తర్వాతది?"

"అత్త, ఆపైన రుసరుస మొదలు, అయినా గుబాళింపే."

"అత్తరు. మా అత్తగారు చూస్తే పేపరువాళ్ళ మీదకి యుద్ధానికి వెళ్ళేది."

"పెద్ద తోబుట్టువు జాడ లేదు, అవసరం లేదన్నట్టే వినిపిస్తుంది. ఐదు గళ్ళు."

"అక్కరలేదు!" అంటూ ఆమే పెన్సిలు లాక్కుని రాసేసింది.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. "మూడో గడి కుదరదమ్మా. అక్కణ్ణించి కిందికి నీ నిలువు చూడు. జీరా తలకిందులైతే తగువు తీరుతుంది. అంటే రాజీ. నువ్వు రాసినదాంతో రజీ అవుతోంది. అక్కడ దీర్ఘం పెట్టు."

"పెడితే?"

"అక్క రాలేదు."

చెవులమ్మ చెయ్యి ఆగిపోయింది.

చెల్లెలికి కాన్పు కష్టమైన రోజు గుర్తొచ్చింది. అంతకు ముందే ఏదో పట్టింపు వచ్చి, ఇద్దరూ ముభావంగా ఉన్నారు. అయినా కబురు తెలియగానే బ్యాగు సర్దుకుని, చెప్పులు వేసుకుంటుంటే ఆసుపత్రి నుంచి మరిది ఫోన్ చేశాడు. వెనక ఒకటే గోల. "ఎలా ఉంది? ఏమంటోంది?" అని అడిగితే, "అక్కరలేదంటోంది వదినగారూ" అన్నాడు. "సరే" అని పెట్టేసింది. చెప్పులు విప్పేసింది. అంత కష్టంలోనూ పంతం వదల్లేదు చూడు అని కుమిలిపోయింది. పిలిస్తే వెళదామని ఈమె, వస్తే మాట్లాడదామని ఆమె.

"బాబాయ్, నేను అటు తిరుగుతాను. ఆ రెండింటిలో ఏదో ఒకటి, చివర 'అంటోంది' తగిలించి గబగబా అనండి."

ఆయన అన్నాడు. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు. ఏది ఏదో ఆమె చెప్పలేకపోయింది.

గాజు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చెల్లెలికి ఫోన్ చేసింది. నంబరు మారలేదు.

"హలో?"

"నేనే. పాప పుట్టిన రోజు... నా గురించి అడిగావుటే?"

"మెలకువ వచ్చినప్పుడల్లా అడిగాను," అంది చెల్లెలు. "అక్క రాలేదు, అక్క రాలేదు అని ఆయన్ని చంపుకు తిన్నాను. నీకు ఫోన్ చేస్తే సరే అని పెట్టేశావట. ఇంకేం చెయ్యను?"

"నాకు అక్కరలేదని వినపడిందే."

"అక్కరలేదనా? నువ్వా? నాకా?" చెల్లెలు ఏడ్చేసింది. "ఎలా నమ్మావే అక్కా?"

అలా వినపడడం చెవి తప్పే అనుకున్నా, నమ్మడం ఎవరి తప్పు? ఏడుపు ముంచుకొచ్చి చెవులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫోన్‌లో దూరంగా చిన్న గొంతు వినిపించింది. "ఎవరమ్మా? ఎందుకేడుస్తున్నావు?"

"పెద్దమ్మరా."

"మనకి పెద్దమ్మ ఉందా?"

చెల్లెలు నోరు విప్పేలోపే, "ఉంది తల్లీ," అంది చెవులమ్మ. అంత దూరానికి వినపడదేమోనని మళ్ళీ గట్టిగా అంది. "ఉంది! వస్తోంది!"