సీసాలాయన చేతులు

బొటనవేలు పెడితే హాజరు యంత్రం ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టాడు. అదీ కాదంది. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో గొంతు సవరించుకున్నారు. గుమ్మం దగ్గరి కాపలాదారు, నిన్నెవరో మార్చేసినట్టున్నారే అన్నా, అని నవ్వాడు. "నేనేనయ్యా, పాత సరుకే" అని ఆయనా నవ్వి పక్కకు తప్పుకున్నాడు. చేతులు మాత్రం జేబుల్లో దూర్చేసుకున్నాడు.

పరిశోధనశాలలో గాజుసామాను కడగడం ఆయన పని. అందరికీ సీసాలాయనే. పేగులో గడ్డ కోసి తీశాక, మిగిలిందేమైనా ఉంటే చావడానికని మాత్రలిచ్చారు. ఇంటిపట్టున ఉండమన్నారు. ఉండి చూశాడు. నాలుగు గోడలూ మీదికొచ్చినట్టుండేది. పొద్దుపోక వంటింటి డబ్బాలన్నీ తిరగేసి సర్దాడు. ఉప్పెక్కడుందో పప్పెక్కడుందో తెలియక భార్య తల పట్టుకుంది. చివాట్లు తిని, వారం తిరక్కుండానే పనిలోకి వచ్చిపడ్డాడు.

ఇప్పుడు అరచేతులు కందగడ్డలా ఎర్రబడ్డాయి. ఉల్లిపొరలాంటి చర్మం లేచిపోతోంది. వేళ్ళ కొసలు గీత అనేది లేకుండా నున్నబడ్డాయి. రబ్బరు తొడుగులు వేసుకుంటే లోపల చెమటకి భగభగ, తీసేస్తే వేడినీళ్ళకి భగభగ. అరికాళ్ళదీ అదే తంతు. కిందటిసారి డాక్టరు చేతులెలా ఉన్నాయని అడిగితే, బాగున్నాయని చెప్పి బల్ల కింద దాచుకున్నాడు. చెబితే మందు తగ్గిస్తారు, తగ్గిస్తే లోపలిది తలెత్తుతుంది. ఆయన భయం అది. భార్యకి కూడా సబ్బు పడలేదని చెప్పాడు.

నిలబడితే కాళ్ళ మంట, కూర్చుంటే మనసు ఆగదు. కడిగిన గొట్టాలే మళ్ళీ కడిగాడు. ఎండుతున్న గిన్నెల్ని ఈ అరలోంచి ఆ అరలోకి మార్చాడు. మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే పక్కగదిలోకి వెళ్ళాడు. అక్కడ పరిశోధన చేసే అమ్మాయి, ఆయన్ని బాబాయ్ అని పిలిచే మనిషి, ఊగే యంత్రం మీంచి ఫ్లాస్కు అందుకోబోతోంది. నేనిస్తానుండమ్మా అని ముందుకెళ్ళి పట్టుకున్నాడు. పట్టు చిక్కలేదు. ఫ్లాస్కు నేలమీద పడి భళ్ళుమంది. ఆమె రోజుల తరబడి పెంచిన బ్యాక్టీరియా మొత్తం బల్ల కిందికి పారింది.

ఆమె కోపంగా ఏదో అనబోయింది. ఆయన గాజుపెంకులు ఏరడానికి వంగినప్పుడు ఆ చేతులు కనిపించాయి. ఏరనివ్వకుండా లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, ఏం మందు వాడుతున్నారని అడిగింది. ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీసిచ్చాడు. మందు పేరు చదివి, ఆమె ఇంకో కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

తరువాత మెల్లగా చెప్పింది. నేలమీద పారిన బ్యాక్టీరియాలో తను వెతుకుతున్న ఎంజైమూ, ఆ మాత్రతో పని ఉన్న ఎంజైమూ ఒకే కోవవి. కణం పాతబడి డీఎన్ఏ ముక్కలైనప్పుడు, అందులో ఒక రకం ముక్కను విడదీసి మళ్ళీ వాడకానికి అందించడం దాని పని. బ్యాక్టీరియాలో ఉంది, ఎలుకలో ఉంది, మనిషిలో ఉంది. గడ్డల్లో చాలావాటిలో మరీ ఎక్కువ. మాత్ర విషంగా మారడానికి ఒంట్లో కొన్ని మెట్లు దిగాలి. ఆఖరి మెట్టు దింపేది ఈ ఎంజైమే. అందుకని విషం గడ్డలోనే ఎక్కువగా పుడుతుందని ఆశ.

"మరి నా చేతులేం చేశాయమ్మా?"

"చర్మంలో కూడా ఉంటుంది బాబాయ్. అందుకే ఇలా అవుతుందేమోనంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు."

"అంటే ఏది గడ్డో, ఏది చెయ్యో దానికి తెలీదన్నమాట."

"తెలీదు. ఎదురొచ్చినదాన్ని విడదీయడమే."

"నాలాంటిదే" అన్నాడాయన. "కనపడిన సీసానల్లా కడిగెయ్యడమే."

ఆమె డాక్టరుకి చెప్పారా అని అడిగింది. ఆయన చేతులు మళ్ళీ జేబుల్లోకి పోయాయి.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయనే ఫోను చేశాడు. చేసినంతసేపూ గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉన్నాడు. డాక్టరు తిట్టలేదు. మాత్రలు ఇప్పుడే ఆపమని, చేతులు మానాక తక్కువ మోతాదుతో మొదలుపెడదామని చెప్పాడు. మోతాదు తగ్గిస్తే మందు పనిచెయ్యకపోదని, దాస్తేనే ప్రాణం మీదికొస్తుందని అన్నాడు.

సాయంత్రం భార్య ముందు అరచేతులు చాపాడు. ఆమె చూసింది. "సబ్బు కాదూ?" అని మాత్రం అంది. వెన్నపూసలాంటి లేపనం రాస్తూ, ఇన్నాళ్ళూ నా పక్కనే పడుకుని ఎలా దాచావయ్యా అని అడిగింది. ఆయన చేతులు ఆమె ఒళ్ళో వదిలేసి, కదలకుండా కూర్చున్నాడు. తరువాత ఆమె బీరువాలోంచి ఆయన పాత చొక్కా ఒకటి తీసి, వదులుగా రెండు తొడుగులు కత్తిరించి, లేపనం అంటిన వేళ్ళకి కొలత పెట్టి కుట్టింది.

చేతులు మానాయి. రబ్బరు తొడుగుల కింద ఆ గుడ్డ తొడుగులు వేసుకుని ఆయన ఏడాదికి పైగా పనిలోకి వచ్చాడు. గడ్డ కాలేయంలోకి పాకిందని తెలిశాక కూడా, రాగలిగిన రోజున వచ్చాడు. ఒక సోమవారం పొద్దున కొంచెం నీళ్ళు ఇవ్వమని భార్యని అడిగి, ఆమె తెచ్చేలోగా పోయాడు.

ఆయన స్థానంలో వచ్చిన మనిషి తొట్టి తోమాడు, అరలు తుడిచాడు, పనికిరానివి పారేశాడు. గోడమేకుకు వేలాడుతున్న గుడ్డ తొడుగుల జోలికి మాత్రం పోలేదు. నీలిగీతల చొక్కాగుడ్డ, ఎడమచేతి బొటనవేలి దగ్గర తెల్లదారంతో వేసిన చిన్న మాసిక.