నిచ్చెన పట్టుకున్న మనిషి

ఇళ్లకు రంగులు వేసే బావ దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న బావమరిదికి చేతనైన పనులు మూడు: రంగు కలపడం, గోడ గీకడం, బావ ఎక్కిన నిచ్చెనను కింద పట్టుకొని నిలబడడం. మొదటి రెండింటికీ వంక పెట్టినవారు లేరు. మూడవదానికి ఏడు వారాలుగా బంధువులూ ఇరుగుపొరుగువారూ అతన్ని తెగ మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పే అతని ప్రాణం తోడేస్తున్నది.

ఏడు వారాల క్రితం ఒక మూడంతస్తుల ఇంట్లో, మెట్ల గది పైకప్పుకు రెండవ పూత వేస్తుండగా, బావ నిలబడిన మడత నిచ్చెన ఉన్నట్టుండి నడుం విరిగినట్టు మడతపడింది. బావ కిందపడ్డాడు. కుడి భుజం ఎముక రెండు ముక్కలైంది. ఆసుపత్రిలో లోహపు పట్టీ వేసి మరలు బిగించారు. ఆ చెయ్యి మళ్లీ తల దాటి పైకి లేవడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. పైకప్పులకు రంగు వేసి బతికే మనిషికి అంతకన్న చేదు మాట మరొకటి ఉండదు.

ఎవరు అడిగినా, రెండు చేతులా పట్టుకునే ఉన్నాననీ, అయినా నిచ్చెన ఆగలేదనీ బావమరిది చెప్పాడు. మొదటిసారి భయం కొద్దీ చెప్పాడు. రెండవసారి, మొదటిసారి అలా చెప్పి ఉన్నందువల్ల చెప్పాడు. ఆ తరువాత అది దానంతటదే నోటికి వచ్చేది. నిజానికి నిచ్చెన మడతపడిన క్షణంలో అతడు దానికి ఆరడుగుల దూరంలో, అటు తిరిగి ఉన్నాడు. తాను వదలకుండా ఉంటే బావ పడేవాడే కాదేమోనన్న అనుమానం ఆనాటి నుంచీ అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. అక్క మాత్రం, తన మొగుడికి ప్రాణం అడ్డువేసే తమ్ముడని పక్కింటివారితో చెప్పుకొని, అతనికే ముందు వడ్డించేది.

అలా ఉండగా ఒక ఉదయం, నిచ్చెన అమ్మిన రంగుల దుకాణం యజమాని ఒక కాగితం పట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆ రకం నిచ్చెనలలో నడిమి కీలును బిగించే పిన్ను పెళుసుగా తయారైందట. బరువు పడితే విరిగే ప్రమాదం ఉన్నదట. కనుక ఎవరూ వాడవద్దనీ, పాతది తిరిగి ఇచ్చి కొత్తది తీసుకోవలసిందనీ తయారుచేసిన కంపెనీ ప్రకటించింది. బావ ముఖం విప్పారింది. కొత్త నిచ్చెన ఊరికే వస్తుంటే కాదనడమెందుకని, ఎడమచేత్తోనే సంతకం పెట్టడానికి కలం అందుకున్నాడు.

అక్క ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతుంది. అచ్చు కాగితం ఏది చేతికి వచ్చినా అడుగు నుంచి పైకి చదవడం ఆమెకు అలవాటు. పై నుంచి చదివితే కన్ను అర్థం వెంట పరుగెత్తి తప్పులను దాటేస్తుందని ఆమె సిద్ధాంతం. అందువల్ల అందరికన్న చివర చదవవలసిన వాక్యాన్ని ఆమె అందరికన్న ముందు చదివింది. కొత్త వస్తువు అందినందున పాత వస్తువు విషయమై ఇకపై నాకు ఏ అభ్యంతరమూ లేదని అందులో ఉన్నది. ఆమె బావ చేతిలోని కలం తీసుకొని మూత పెట్టింది.

"నీ భుజం కూడా పాత వస్తువులోకే వస్తుందా?" అని అడిగింది.

దుకాణదారు తనకేమీ తెలియదనీ, వచ్చిన కాగితం వచ్చినట్టు పంచుతున్నాననీ చెప్పి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

మరునాడు ముగ్గురూ, జిరాక్సు దుకాణం పైఅంతస్తులో ఉన్న లాయరమ్మ గదికి వెళ్లారు. ఆవిడ భుజం సంగతి అడగలేదు. నిచ్చెన ఎక్కడున్నదని అడిగింది. బావ ముందు కాస్త చిన్నబుచ్చుకున్నా, వరండాలో పడి ఉన్నదనీ, ఆ ఇనుప కీలు ఒక్కటీ వెల్డింగు చేయిస్తే మళ్లీ పనికి వస్తుందనీ గొప్పగా చెప్పాడు.

ఆవిడ కళ్లజోడు తీసేసింది. "ఆ పని చేయించి ఉంటే, మీకు ఇంత టీ ఇచ్చి పంపేసేదాన్ని. ఆ విరిగిన పిన్నే మనకు సాక్షి. దాన్ని ఎవరూ ముట్టుకోకండి, ఎవరికీ ఇవ్వకండి."

తరువాత నిదానంగా అన్నీ వివరించింది. సంతకం పెట్టి కొత్త నిచ్చెన తెచ్చుకోవడం ఒక దారి. అయితే కథ అక్కడితో ముగిసిపోయే ప్రమాదం ఉన్నది. కంపెనీకి నోటీసు పంపి, వైద్యానికైన ఖర్చూ పోయిన పనిదినాలూ అడిగి, మాటలతో తేల్చుకోవడం మరొకటి. తేలకపోతే వినియోగదారుల కోర్టులో ఫిర్యాదు చేయడం ఆ తరువాతి మెట్టు. అమ్మిన దుకాణాన్ని కూడా చేర్చాలా అన్నది కాగితాలు చూసి నిర్ణయిస్తానన్నది. కంపెనీవారు అజాగ్రత్తగా ఉన్నారని నిరూపించనక్కరలేదనీ, వస్తువులో లోపం ఉన్నదనీ, దెబ్బ ఆ లోపం వల్లనే తగిలిందనీ చూపితే చాలుననీ చెప్పింది. అన్నిటికీ గడువు ఉంటుంది కనుక జాప్యం మాత్రం పనికిరాదన్నది.

ఆ మాటతో ఒక తెల్ల కాగితం బావమరిది ముందుకు జరిపింది. ప్రమాదం జరిగిన సమయంలో అక్కడున్న మనిషి అతడొక్కడే కనుక, చూసింది చూసినట్టు రాయమన్నది. రేపు దాని మీదే ప్రమాణం చేయవలసి ఉంటుందని కూడా చెప్పింది.

బావమరిది "నేను నిచ్చెనను రెండు చేతులతో" అని రాసి ఆగిపోయాడు. నిజం చెబితే బావ కేసు తన వల్లనే నాశనమవుతుంది. భుజం పోయిందీ తన వల్లనే, న్యాయం పోయిందీ తన వల్లనే అవుతుంది. చెప్పకపోతే ఈ అబద్ధం ఇక నోట్లో ఉండదు, కాగితం మీద ఉంటుంది. కలం కింద పెట్టాడు.

"నోటితో చెప్పగలిగానండీ. రాయలేకపోతున్నాను," అన్నాడు.

ఆపైన తల ఎత్తకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. మెట్ల మలుపులో కిటికీ తెరిచి ఉన్నది. గోధుమరంగు పిల్లి ఒకటి అందులోంచి దిగి, మూత లేని తెల్లరంగు డబ్బా అంచు మీద కాలు వేసింది. అది అందులో దిగి మెట్లన్నీ తొక్కితే ఇంటివారు ఊరుకోరని, నిచ్చెన వదిలి దాన్ని తోలడానికి వెళ్లాడు. వెనక చప్పుడైంది.

అక్క బావ వైపు చూసింది. బావ తన కట్టు వైపు చూసుకున్నాడు.

లాయరమ్మ మాత్రం మామూలుగానే, నిచ్చెన కాళ్లు జారాయా అని అడిగింది. జారలేదు. నాలుగు కాళ్లూ కింద పరిచిన పాత పేపర్ల మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పట్టుకుంటే ఎక్కడ పట్టుకుంటారని అడిగింది. కీలు దగ్గరే, గట్టిగా, అన్నాడతడు. నిచ్చెనతో పాటు వచ్చిన, అక్క బిల్లుతో దాచిన సూచనల పుస్తకం తెరిచి ఆవిడ ఒక వాక్యం చదివింది: పట్టుకునే మనిషి లేకుండా ఒక్కరే నిశ్చింతగా వాడదగిన నిచ్చెన.

"మీ ఉద్యోగం అక్కర్లేదని కంపెనీవాళ్లే అచ్చువేసి ఇచ్చారు బాబూ. ఏదీ, మీ వేళ్లు చూపించండి."

అతడు అర్థంకాక రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"పదీ ఉన్నాయి. కీలు దగ్గర రెండు చేతులూ ఉండగా అది మడతపడితే, ఇవి ఇలా ఉండేవా? అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మీ అబద్ధం అక్కడే తేలిపోయేది. ఆ తరవాత పిన్ను గురించి మనం చెప్పే నిజం ఎవరూ వినరు."

"మరి, నేను పట్టుకునే ఉంటే ఆగేదాండీ?"

"లోపల విరిగిన పిన్నును బయట చేత్తో ఎలా ఆపుతారు? ఆయన భుజంతో పాటు మీ వేళ్లూ పోయేవి, అంతే."

బావమరిదికి ఏడు వారాలుగా గుండెల మీద ఉన్న బండను ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. కళ్లు తుడుచుకోవడానికి ఎత్తిన చేతిని అతడు ఒక క్షణం, అది తనదో కాదో అన్నట్టు చూసుకున్నాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, పిల్లి డబ్బాలో పడిందా?"

"లేదు బావా."

"మూత పెట్టి పనిచెయ్యమని తొమ్మిదేళ్లుగా మొత్తుకుంటున్నాను." తరువాత గొంతు తగ్గించి, "ఇది కడుపులో పెట్టుకునా, రోజూ నాకు స్నానం చేయిస్తూ మొహం అటు తిప్పుకునేవాడివి? నా పొట్ట చూడలేకేమో అనుకున్నానురా," అన్నాడు.

"ఏడు వారాలు వీడికి ముందు వడ్డించాను," అన్నది అక్క, ఎవరితోనూ కాకుండా. "ఇవాళ్టినుంచి వరసలో ఆఖర్న కూర్చుంటాడు."

లాయరమ్మ నవ్వు దాచుకోవడానికి బల్ల సొరుగులో లేని వస్తువేదో వెతికింది.

బావమరిది మొదటి కాగితం చింపి మరొకటి తీసుకున్నాడు. ఈసారి కలం ఎక్కడా ఆగలేదు. పిల్లి రంగు అవసరమా అని ఆవిడ అడిగితే, తనకైతే అవసరమేనన్నాడు. ఆవిడ ఉండనిచ్చింది. నోటీసు ఆ వారంలోనే వెళుతుందనీ, కంపెనీ తన నోటితో తానే లోపం ఒప్పుకున్నది కనుక మాటల దగ్గరే తేలవచ్చుననీ, తేలకపోయినా తనకు బెంగ లేదనీ చెప్పి పంపించింది.

తిరుగు బస్సులో బావమరిది, బావ ఎడమ పక్కన కూర్చున్నాడు. రెండు వీధులు దాటేసరికి అతని తల బావ భుజం మీద వాలిపోయింది. కళ్లు తెరిచేసరికి బస్సు దిగవలసిన చోటు దాటి మూడు స్టాపులు వచ్చేసింది. ముందు సీటులోంచి అక్క వెనక్కి తిరిగి ఇద్దరినీ చెడామడా తిడుతున్నది. బావ, తిమ్మిరెక్కిన ఎడమభుజం కదపకుండా, ఆమె దిగమని పిలిచింది వినపడలేదనీ, తనకు కుడిచెవి సరిగా పనిచెయ్యదనీ నచ్చజెబుతున్నాడు.